గాలి నీ చెప్పుచేతల్లో ఉన్నప్పుడే

నిజాంపేట,
2025 జులై 6, ఆదివారం.

చిరంజీవి కార్తీక్‌కి బాబాయి ఆశీస్సులు.

  నువ్వు పంపిన ఫ్లైట్ సిమ్యులేటర్ వీడియోలన్నీ రాత్రి కూర్చుని చూశాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, ఫోన్లో అయితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అని పెట్టేస్తావు. కాగితం మీద రాస్తే కీబోర్డు పక్కనే పడి ఉంటుంది, తప్పించుకోలేవు. అందుకే ఈ ఉత్తరం.

"గాలి లేకపోతే బాగానే దిగుతున్నాను, పక్క నుంచి గాలి పెడితే చాలు విమానం గడ్డిలోకి పోతోంది, ఈ జాయ్‌స్టిక్ పనికిరాదు, పెడల్స్ కొనమని నాన్నకు నువ్వే చెప్పు" అన్నావు. ముందు ఆ జాయ్‌స్టిక్ మీద వేసిన నింద వెనక్కి తీసుకో. నీ వీడియోలో కింద మూలన కంట్రోళ్ల సూచిక కనిపిస్తోంది కదా, ఒకసారి వేగం తగ్గించి దాన్నే చూడు. గాలి ఎడమ నుంచి వస్తోంది. నువ్వు స్టిక్ ఎడమకు వంచే ఉంచావు, ముక్కు తిన్నగా ఉంది, ఎడమ చక్రం ముందుగా తాకింది. అక్కడిదాకా శభాష్. తాకిన మరుక్షణం ఆ సూచిక గబుక్కున మధ్యకు వచ్చేస్తోంది. అంటే చక్రం నేలకు తగలగానే హమ్మయ్య అనుకుని చెయ్యి సడలించేస్తున్నావు. గాలి మాత్రం సడలించదు. ఎడమ రెక్క కిందికి దూరి దాన్ని లేపుతుంది, తోకను కుడికి నెట్టి ముక్కును తనవైపు తిప్పుకుంటుంది. నువ్వు కంగారుపడి స్టిక్‌ను కుడికి మెలితిప్పేలోపు గడ్డి వచ్చేస్తుంది. ప్రతి వీడియోలోనూ ఇదే వరస. దిగడం అయిపోయిందని నువ్వు అనుకుంటున్న చోట ఇంకా సగం పని మిగిలే ఉంది.

రెండో సంగతి, నువ్వు ఎంచుకున్న చోటు. మెదీరా! పోర్చుగల్ వాళ్ల దీవి, ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం, రన్‌వేలో కొంత భాగం స్తంభాల మీద కట్టారు. అక్కడ దిగాలంటే అనుభవమున్న కెప్టెన్లకైనా ప్రత్యేక శిక్షణ ఉండాలి. యూట్యూబ్‌లో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ గాలి దిక్కు మారుతుంది, వేగం మారుతుంది, కొండ మీంచి సుళ్లు తిరుగుతుంది, అన్నీ ఒకేసారి. నువ్వు తప్పు దిగినా, ఒప్పు దిగినా, ఎందుకలా జరిగిందో తెలియదు.

నేను పైలట్‌ని కానని నీకు తెలుసు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేవాణ్ణి, ఇంటికొచ్చాక సిమ్యులేటర్ ముందు కూర్చునేవాణ్ణి. నా ఉద్యోగం నేర్పిన సూత్రం ఒకటే: ఏదైనా ఎందుకు చెడుతోందో పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. మిగతావన్నీ కదలకుండా ఉంచాలి. ఇంట్లో ఉన్న సిమ్యులేటర్ నీకు ఇచ్చే అసలైన వరం ఇదే. నిజం విమానంలో శిక్షణ తీసుకునే కుర్రాడు గంటకు ఇంతని డబ్బు కట్టి వెళ్తాడు, ఆ రోజు గాలి ఎలా వీస్తే అదే వాడి పాఠం. "ఎడమ నుంచి సరిగ్గా ఎనిమిది నాట్లు, ఈ సాయంత్రమంతా అలాగే ఉండాలి" అని వాడు ఆకాశానికి ఆర్డరు వెయ్యలేడు. నువ్వు వెయ్యగలవు. అంతటి సదుపాయం చేతిలో పెట్టుకుని తుఫాన్లతో ఆటలాడుతున్నావు.

ఈ యంత్రాలు పుట్టిందే అందుకు. 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, వాళ్ల నాన్న ఆర్గన్ వాద్యాల ఫ్యాక్టరీలో వాడే గాలితిత్తులతో ఒక విమాన శిక్షణ యంత్రం కట్టాడు. వినోద పార్కుల వాళ్లు తప్ప పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో టపా విమానాలు నడిపే పని సైన్యానికి అప్పగించారు. మబ్బుల్లో, చీకట్లో దిక్కు తెలియక పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైన్యం వచ్చి లింక్ యంత్రాలు కొంది. అడిగితే రాని మబ్బును గదిలోకి తెచ్చుకోవడానికే ఆ కొనుగోలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయినా, ఎక్స్-ప్లేన్ అయినా, డబ్బులు లేకుండా దొరికే ఫ్లైట్‌గేర్ అయినా ఆ వంశంలోవే.

ఇక మన చుట్టుపక్కల రన్‌వేల సంగతి విను. బేగంపేట రన్‌వే నంబరు 09–27. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ప్రయాణికుల విమానాలు అక్కడికి మారాయి. అక్కడున్న రెండు రన్‌వేలూ 09–27లే. నంబరుకు పక్కన సున్నా చేర్చుకుంటే దిక్సూచి డిగ్రీలు వస్తాయి: 90 తూర్పు, 270 పడమర. మా నిజాంపేట నుంచి బాచుపల్లి, గండిమైసమ్మ దాటి వెళ్తే దుండిగల్ వాయుసేన అకాడమీ. అక్కడ శిక్షణ విమానాలు గిరికీలు కొడుతుంటాయి, వాటి రన్‌వేలూ ఇంచుమించు తూర్పు–పడమరలే. ఇదేమీ కాకతాళీయం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్కన్ మీద గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది, తర్వాత తూర్పుకు తిరుగుతుంది. రన్‌వే ఎటు వెయ్యాలో గాలి లెక్కలు చూసే నిర్ణయిస్తారు. 1500 మీటర్లు, అంతకన్నా ఎక్కువ పొడవు రన్‌వే కావాల్సిన విమానాలకు, నూటికి 95 పాళ్ల కాలం అడ్డగాలి, అంటే పక్క నుంచి కొట్టే గాలి, 20 నాట్లు మించకుండా చూడాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు. కట్టినవాళ్లు ముందే గాలితో రాజీ పడి కట్టారన్నమాట. అందువల్ల హైదరాబాద్‌లో లైవ్ వెదర్, అంటే ఆ పూట అసలు వాతావరణం, పెట్టుకుని కూర్చుంటే, చాలా రోజులు నీకు అడ్డగాలి చెప్పుకోదగ్గంత దొరకదు. మన రాజమండ్రి అలా కాదు. మధురపూడి రన్‌వే 05–23. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు గాలి లోపల ఏం జరుగుతుందో మనసుకు పట్టించుకో. కొవ్వూరు రేవు నుంచి గోదావరి దాటే పడవ సరంగు ముక్కును అవతలి రేవుకు గురిపెట్టడు, ఎగువకు పెడతాడు. నీళ్లు దిగువకు లాగుతుంటాయి, పడవ ఏటవాలుగా ఉండి కూడా తిన్నగా రేవుకే చేరుతుంది. విమానమూ అంతే. గాలి ఎడమ నుంచి వస్తుంటే ముక్కు కొంచెం ఎడమకు తిప్పి, రెక్కలు సమంగా ఉంచితే, నేల మీద దాని దారి రన్‌వే గీత వెంబడే ఉంటుంది. దీన్నే క్రాబ్ అంటారు. ఎంత తిప్పాలి? 65 నాట్లతో దిగే సెస్నా 172కి సరిగ్గా పక్క నుంచి 12 నాట్ల గాలి వస్తే సుమారు 11 డిగ్రీలు. అదే గాలికి 140 నాట్లతో దిగే ఎయిర్‌బస్‌కి 5 డిగ్రీలు చాలు. నెమ్మదిగా వచ్చే చిన్న విమానాన్నే గాలి ఎక్కువ నెడుతుంది. అందుకే పాఠం చిన్న విమానంతో మొదలుపెట్టాలి. ఎయిర్‌బస్‌లో నీకు తేలిగ్గా కుదిరితే అది బరువు, వేగం చేసిపెట్టిన ఉపకారం.

పడవ రేవుకు వంకరగా తగిలినా ఫరవాలేదు. చక్రాలకు ఆ వీల్లేదు. అవి దొర్లే దిక్కూ, విమానం వెళ్లే దిక్కూ తాకే క్షణానికి ఒకటి కావాలి. దీనికి రెండు పద్ధతులు. పెద్ద విమానాలు చివరిదాకా క్రాబ్‌లోనే వచ్చి, నేలకు కొన్ని అడుగుల ఎత్తులో, తోకలోని రడ్డర్‌తో ముక్కు తిన్నగా చేస్తాయి. చిన్న విమానాల్లో ముందుగానే, ఒక రెండువందల అడుగుల దగ్గర నుంచే, గాలివైపు రెక్క వంచి ఎదురు రడ్డర్ పట్టి ఆ పట్టులోనే దిగుతారు. నువ్వు రెండోది నేర్చుకో. మొదటిదానికి క్షణంలో వందో వంతు తేడా కూడా కనిపెట్టే అలవాటు కావాలి. రెండోదానిలో తప్పు దిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

చేతులకూ కాళ్లకూ పని పంచుకో. ముక్కు ఎటు చూస్తోందన్నది రడ్డర్ పని. విమానం పక్కకు జారుతోందా లేదా అన్నది రెక్కల కొసల్లోని ఏలెరాన్ పని. ఈ రెండింటినీ కలగలిపితే మొదటికే మోసం. గాలి ఎడమ నుంచి ఉంటే కుడి రడ్డర్‌తో ముక్కును గీతకు తెచ్చి అక్కడే పట్టు. అప్పుడు విమానం కుడికి జారడం మొదలుపెడుతుంది. ఆ జారుడు ఆగేంత వరకే స్టిక్ ఎడమకు వంచు. ఇంకా కుడికి పోతోందా, ఇంకాస్త వంచు. ఎడమకు వస్తోందా, కొంచెం తగ్గించు. రెక్క వంచి ఉన్నంతసేపూ ఈడ్పు పెరుగుతుంది, వేగం పడిపోతుంది, కాబట్టి థ్రాటిల్ ఒక పిసరు ఎక్కువే ఉంచు.

ఇప్పుడు బల్ల సంగతి. పెడల్స్ లేకపోయినా ఫరవాలేదు, నీ లాజిటెక్ జాయ్‌స్టిక్‌కు మెలితిప్పే రడ్డర్ ఉంది. కాకపోతే చెయ్యి పక్కకు వంచేటప్పుడు తెలియకుండా మెలి కూడా పడుతుంది. సెట్టింగుల్లో మెలి ఇరుసుకు మధ్యలో కొద్దిగా డెడ్‌జోన్ (కదిపినా పట్టించుకోని చోటు) పెట్టు, మొదట్లో స్పందన మందంగా ఉండేలా వంపు సర్దు. ఆటో రడ్డర్, ల్యాండింగ్ సాయం లాంటి వసతులన్నీ తీసెయ్. అవి ఉన్నంతకాలం ఎవరు నడుపుతున్నారో నీకే తెలియదు. మున్ముందు పెడల్స్ కొంటే, నున్నటి టైల్స్ మీద అవి ముందుకు జారిపోతాయి, సరిగ్గా నువ్వు గట్టిగా తొక్కాల్సిన క్షణానే. కింద రబ్బరు మ్యాట్ వేసి, పెడల్స్ వెనక గోడకు ఆనేలా ఒక చెక్క అడ్డం పెట్టుకో. మా అపార్ట్‌మెంట్‌లో అయితే కింది ఫ్లాటు వాళ్ల నిద్ర కోసం కూడా ఆ మ్యాట్ తప్పనిసరి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయేమో నేను చూస్తాను. అంతవరకు ఆ డబ్బుతో యూపీఎస్ కొనుక్కో. వానాకాలం కదా, ఫైనల్‌లో, అంటే రన్‌వేకు తిన్నగా దిగివస్తూ, ఉండగా కరెంటు పోతే ఆ చిరాకు పాఠానికి తగులుతుంది.

చూపు ఎక్కడ ఉంచాలన్నది కూడా చెబుతాను. నువ్వు విమానం ముక్కు కిందికి, తాకబోయే చోటికి చూస్తున్నావు. అక్కడ చూస్తే నేల పరుగులు తీస్తున్నట్టు ఉంటుంది, జారుడు అంతుపట్టదు. రన్‌వే మీదికి రాగానే చూపు ఆ చివరకు పంపు. రన్‌వే చివర కదలకుండా ఉండి, దగ్గరి గీత పక్కకు పోతుంటే అది జారుడు. రన్‌వే చివరే పక్కకు తిరుగుతుంటే అది ముక్కు తప్పు. రెండూ వేరువేరుగా కనిపించడం మొదలైన రోజున నీకు సగం విద్య వచ్చినట్టే. బయటి కెమెరా నుంచి చూస్తూ దిగడం మాత్రం మానెయ్. అది సినిమా.

వరస ఇలా పెట్టుకో. బేగంపేట 27 మీద గాలి సున్నా పెట్టి, ప్రతిసారీ మధ్య గీత మీదే దిగేదాకా దిగు. విసుగొస్తుంది, రానీ. తర్వాత శంషాబాద్‌కు వెళ్లు. గాలి 180 నుంచి 8 నాట్లు, ఉన్నట్టుండి వచ్చే విసురు సున్నా. నువ్వు 270 దిక్కుగా వస్తావు కాబట్టి అది సరిగ్గా ఎడమ నుంచి తగులుతుంది. గాలి పొర నేలమట్టం నుంచే మొదలయ్యేలా చూసుకో. పై పొరలో మాత్రమే పెడితే కిందికొచ్చేసరికి గాలి మాయమవుతుంది, నీకు విద్య వచ్చేసిందని భ్రమ మిగులుతుంది.

అక్కడ మొదట దిగొద్దు. పెద్ద రన్‌వే 4260 మీటర్లు. 65 నాట్లంటే సెకనుకు 33 మీటర్లు. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు రెండు నిమిషాల పైచిలుకు. రన్‌వే మీద పదిహేను అడుగుల ఎత్తులో, రెక్క వంచి, ముక్కు తిన్నగా పట్టి, చక్రాలు తాకనివ్వకుండా ఆ చివరిదాకా గీత వెంబడి వెళ్లు. కుదిరాక, కావాలని కుడి అంచుకు జరిగి, మళ్లీ గీత మీదికి రా. తర్వాత ఎడమ అంచుకు. ముక్కు మాత్రం ఎప్పుడూ పడమరకే చూడాలి. మామూలుగా దిగేటప్పుడు ఈ పట్టు నీ చేతిలో ఉండేది కొన్ని క్షణాలే. ఏం నేర్చుకుంటావు అంతలో? ఇక్కడ ఒక్క దాటుకు రెండు నిమిషాలు. నిజం శంషాబాద్‌లో ఎయిర్‌బస్‌లను వరసలో నిలబెట్టి నీ సెస్నాకు ఈ ముచ్చట తీర్చుకోనిస్తారా? జన్మలో తీర్చుకోనివ్వరు. ఇంట్లో సిమ్యులేటర్ నిజం విమానం కన్నా మంచి గురువు అయ్యేది ఇలాంటి చోటే.

అది చేతికొచ్చాక, అదే దాటులో థ్రాటిల్ నెమ్మదిగా తగ్గించు. విమానం తనంతట తనే దిగుతుంది. ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం, చివరికి ముక్కు చక్రం. ఇక్కడే నీ జబ్బుకు మందు: వేగం తగ్గేకొద్దీ ఏలెరాన్ బలం తగ్గుతుంది, కాబట్టి తాకాక స్టిక్ ఎడమకు మరింత వంచాలి. వేగం ఇరవై నాట్లకు వచ్చేసరికి పూర్తిగా ఎడమకు చేరి ఉండాలి. దీంతోపాటు ఇంకో సూక్ష్మం: సెస్నాలో ముక్కు చక్రం రడ్డర్‌తో కలిసి తిరుగుతుంది. కుడి రడ్డర్ గట్టిగా పట్టి ఉండగా ముక్కు చక్రం తాకితే విమానం ఒక్కసారి కుడికి గుంజుతుంది. అది తాకబోయే ముందు రడ్డర్‌ను కొంచెం మధ్యకు తెచ్చి, మళ్లీ అవసరమైనంత పట్టు. టాక్సీ చేసేటప్పుడూ గాలి ముందు పక్క నుంచి ఉంటే స్టిక్ దానివైపు, వెనక పక్క నుంచి ఉంటే దానికి దూరంగా, ముందుకు నెట్టి. ఇంజన్ ఆపేదాకా విమానం నడుస్తున్నట్టే లెక్క.

ఎడమ గాలి కుదిరాక 360 నుంచి పెట్టి కుడి గాలి. నీకు తప్పక ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు కష్టంగా ఉంటుంది. కష్టంగా ఉన్న వైపే ఎక్కువసేపు కూర్చో. తర్వాత 8ని 10 చెయ్యి, 12 చెయ్యి. 15 దగ్గర ఆగు. సెస్నా 172 పుస్తకంలో పరీక్షించి చూపించిన అడ్డగాలి 15 నాట్లు. ఆ తర్వాతే కోణాలు. గాలికీ రన్‌వేకూ మధ్య 30 డిగ్రీలుంటే గాలి వేగంలో సగం అడ్డగాలి. 45కి పదింట ఏడు పాళ్లు. 60 దాటితే ఇంచుమించు మొత్తం. ఇది నోటికి వచ్చి ఉండాలి, ఫైనల్‌లో క్యాలిక్యులేటర్ తియ్యలేవు.

అన్నిటికన్నా చివర విసురు. గాలి 12 నాట్లు, విసురు 22 అంటే తేడా 10. అందులో సగం, 5 నాట్లు, నీ వేగానికి కలిపి 70తో రా. ఫ్లాప్స్ పూర్తిగా దించకు. విసురు వచ్చినప్పుడల్లా స్టిక్‌తో దాని వెంటపడకు, సగటు మీద నిలబడు.

ఇప్పుడు మన మధురపూడికి రా. ఈ నెలల్లో అక్కడి గాలి పడమటి వైపు నుంచి ఉంటుంది. 270 నుంచి 14 నాట్లు అనుకో. రన్‌వే 23 దిక్కు 230, తేడా 40 డిగ్రీలు, అడ్డగాలి 9 నాట్లు, కుడి నుంచి. నీ స్థాయికి కొలిచి పోసినట్టు ఉంటుంది. కూర్చునే ముందు ఆ విమానాశ్రయం కోడు వీఓఆర్‌వైతో వచ్చే మెటార్ (వాతావరణ నివేదిక) చదివి, ఈ లెక్క కాగితం మీద వేసి, తర్వాతే లైవ్ వెదర్ తెరువు. అక్కడ కుదిరితే విశాఖ. అది ఐఎన్ఎస్ డేగా నౌకాదళ స్థావరం, రన్‌వే 10–28. గాలి 220 నుంచి 15 నాట్లు వీస్తే 28 మీద తేడా 60 డిగ్రీలు, అడ్డగాలి 13. ఇంటి దగ్గరే ఇన్ని ఉండగా మెదీరా ఎందుకురా నీకు?

ఇంతదాకా దిగడం చెప్పాను. దిగకపోవడం దానికన్నా ముఖ్యం. నీ వీడియోల్లో ఒక్కదానిలోనైనా మళ్లీ పైకి లేచావా? లేదు. ఎంత వంకరగా వచ్చినా ఎలాగో ఒకలా నేలకు అంటించేస్తున్నావు. గడ్డిలోకి పోతే రీసెట్ నొక్కుతున్నావు. ఈ అలవాటు మాత్రం నీ చేతికి అంటుకోకూడదు.

2024 నవంబర్ 30న ఫెంగల్ తుఫాను తమిళనాడు తీరం దగ్గరికొచ్చిన రోజు, చెన్నైలో ఇండిగో ఎయిర్‌బస్ ఒకటి దిగబోతూ రెక్కలు ఊగి, చక్రాలు రన్‌వేకు అంటీ అంటనట్టుండగానే మళ్లీ పైకి లేచింది. ఆ వీడియో నువ్వూ నాకు పంపావు, "ఎంత భయంకరం బాబాయ్" అని. భయపడాల్సింది ఆ విమానం లేవకపోయి ఉంటే. లేవడమే ఆ పైలట్ల పనితనం. అదే రోజు విమానాశ్రయాన్నే కొన్ని గంటలు మూసేశారు.

ఇంకొకటి 2008 మార్చి 1న జర్మనీలో. ఎమ్మా తుఫాను రోజు, హాంబర్గ్‌లో లుఫ్తాన్సా ఎయిర్‌బస్ ఏ320 రన్‌వే 23 మీద దిగబోయింది. గాలి కుడి నుంచి, విసురు 47 నాట్ల దాకా. విమానం నేలకు తగిలి ఎగిరి, ఎడమ రెక్క కొస రన్‌వేను గీసుకుంది. పైలట్లు వెంటనే లేపి, చుట్టు తిరిగి వచ్చి, గాలికి ఇంకాస్త ఎదురుగా ఉండే రన్‌వే 33 మీద క్షేమంగా దించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విచారణలో బయటపడ్డ సంగతుల్లో ఒకటి నీకు పనికొస్తుంది: పుస్తకంలో రాసే "పరీక్షించి చూపించిన అడ్డగాలి" అంటే అది దాటరాని హద్దా, లేక పరీక్షల్లో అంతదాకా చూశారన్న సమాచారమా అన్నది పైలట్లందరికీ ఒకేలా అర్థం కాలేదు. కాబట్టి నీ సెస్నా పుస్తకంలో 15 కనిపిస్తే, అది కంపెనీ పైలట్ చూపించిన అంకె అని గుర్తుంచుకో. నీ అంకె నువ్వే వేసుకోవాలి, తక్కువగానే వేసుకోవాలి. ఇక రెండో రన్‌వే మాట. ఆ రోజు సమస్య తీరింది నైపుణ్యం పెంచుకుని కాదు, దారి మార్చుకుని.

అందుకని నీకు మూడు గీతలు గీసిస్తాను. 200 అడుగుల దగ్గర రన్‌వే గీత మీద, సరైన వేగంతో లేకపోతే లేపెయ్. రడ్డర్ పూర్తిగా పట్టినా ముక్కు తిన్నగా రాకపోతే ఆ గాలి ఆ విమానానికి ఎక్కువ. లేపెయ్, వేరే రన్‌వే వెతుక్కో. తాకి ఎగిరిపడితే రెండోసారి అంటించాలని చూడకు, లేపెయ్. లేపడమంటే పూర్తి థ్రాటిల్, ముక్కు పైకి, ఫ్లాప్స్ ఒక్కొక్క మెట్టు. ఇదీ అభ్యాసం చెయ్యాల్సిందే, ప్రతి నాలుగు ల్యాండింగులకు ఒకసారి కావాలనే లేపు. రీసెట్ బటన్ మాత్రం తాకకు. గడ్డిలోకి పోతే విమానాన్ని మళ్లీ టాక్సీ చేసుకుని రన్‌వే మొదటికి తీసుకురా. ఆ నాలుగు నిమిషాల విసుగే నీ జరిమానా.

సిమ్యులేటర్ ఇవ్వలేనివి కూడా తెలిసి ఉండాలి. విమానం పక్కకు జారుతుంటే నిజంలో ఒళ్లు ముందు చెబుతుంది, కుర్చీ చెబుతుంది. నీకు ఇక్కడ కళ్లు తప్ప సాక్ష్యం లేదు. చక్రాలు వంకరగా తాకితే టైరు, గేరు పడే బాధ ఇక్కడ ఒక కీచుమనే శబ్దం మాత్రమే. చెట్లు, షెడ్లు దాటి వచ్చే గాలి సుడులు ఇక్కడ పలచగానే ఉంటాయి. భయం అసలే ఉండదు. ల్యాండింగ్ అయ్యాక నిమిషానికి ఎన్ని అడుగుల వేగంతో తాకావో చూపించే అంకె కోసం వెన్నలా దించాలని తాపత్రయపడకు. అడ్డగాలిలో, పైగా తడి రన్‌వే మీద, కాస్త గట్టిగా తాకడమే మంచిది. నువ్వు చూడాల్సిన అంకెలు రెండు: గీతకు ఎంత దూరంలో తాకావు, ముక్కు ఎన్ని డిగ్రీలు తప్పింది.

రేపు నువ్వు నిజంగా లైసెన్సు కోసం వెళ్తే, కమర్షియల్ పైలట్‌కు కావాల్సిన 200 గంటల్లో ఇంట్లో కూర్చుని తిప్పిన ఈ గంటలు ఒక్కటీ లెక్కలోకి రావు. మొదటి రోజే శిక్షకుడికి "నాకు వచ్చు సార్" అని చెప్పకు. కళ్లు ఎక్కడ పెట్టాలో, చేతికి ఏ పని, కాలికి ఏ పని, ఎప్పుడు లేపాలో, ఇంతవరకు నీతో తీసుకెళ్లు. మిగతాది ఆయన దగ్గర కొత్తగా మొదలుపెట్టు.

ఇంకో మాట. ఇంటర్ రెండో ఏడాది. రోజుకు ముప్పావుగంట చాలు, లెక్కలు, ఫిజిక్స్ అయ్యాక. వెక్టర్ల పాఠం వచ్చినప్పుడు క్రాబ్ కోణం నువ్వే లెక్క కట్టి చూడు, నేను రాసిన 11 డిగ్రీలు సరిపోయిందో లేదో నాకు చెప్పు. వచ్చే ఆదివారానికి నాకు ల్యాండింగ్ వీడియోలు వద్దు. శంషాబాద్ మీద తాకకుండా దాటిన రెండు నిమిషాలది ఒకటి, లేపేసినది ఒకటి, అవి పంపు. వాటిని చూశాక పెడల్స్ సంగతి మీ నాన్నతో నేనే మాట్లాడతాను.



ఇట్లు,
ఆశీస్సులతో
నీ బాబాయి